పాతదైతే పారెయ్యడమేనా?

"దీని పని అయిపోయింది మేడమ్" అన్నాడు ఆ కుర్రాడు, నా లాప్‌టాప్ మూత వేసేస్తూ.

డాక్టర్లయినా ఇంత నిబ్బరంగా చెప్పరు. నాడి చూస్తారు, నాలిక చాపమంటారు, కాస్సేపు కళ్ళజోడు సర్దుకుంటారు. ఈ కుర్రాడు అడిగింది ఒకటే ప్రశ్న, ఎప్పుడు కొన్నారని. 2015లో అన్నాను. అంతే, తీర్పు వచ్చేసింది. సౌండ్ ఐసీ పోయిందిట. అది మదర్‌బోర్డుకే అతికించి ఉంటుందిట. బోర్డు మార్చాలంటే 18,000 అవుతుందిట. అంత డబ్బు పాతదానికి తగలేసే బదులు ఇంకో 30,000 వేసుకుంటే లక్షణంగా కొత్తదే వస్తుందిట. ఈ నాలుగు ముక్కలూ చెప్పినందుకు 300 రూపాయలు పుచ్చుకుని, రసీదు మాత్రం పద్ధతిగా రాసి ఇచ్చాడు.

అసలేం పాడైందో కాస్త వివరంగా చెప్పు నాయనా అన్నాను. "అది టెక్నికల్ మేడమ్, మీకు అర్థం కాదు" అన్నాడు.

ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. నాకు అర్థం కానివి ఈ లోకంలో బోలెడున్నాయి, ఒప్పుకుంటాను. కాని చెప్పకుండానే అర్థం కాదని తేల్చేస్తే ఒళ్ళు మండదూ?

మాది సుమ్మాదేవి. పలాసకీ మందస రోడ్డుకీ మధ్య చిన్న రైల్వే స్టేషను. రైల్లో ఇటు వెళ్ళినవాళ్ళు కూడా మా ఊరి బోర్డు చదివేలోపల దాటిపోయి ఉంటారు. చుట్టూ ఉద్దానం తోటలు, కొబ్బరి, జీడి, పనస. సాయంత్రమయ్యేసరికి సముద్రం మీంచి చల్లటి గాలి వస్తుంది. ఆ గాలితోపాటు ఉప్పు కూడా వస్తుంది. ఇనప గేటుకి ఏటేటా రంగు వేయించినా తుప్పు ఆగదు. ఈ ఉప్పు సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత అవసరం వస్తుంది.

ఇంతకీ లాప్‌టాప్‌కి వచ్చిన జబ్బేమిటంటే, మాట పడిపోయింది. బొమ్మ శుభ్రంగా కనిపిస్తుంది, అక్షరాలు చకచకా పడతాయి, శబ్దం మాత్రం లేదు. పెద్దవాళ్ళకి పక్షవాతం వచ్చి మాట పోతే మనిషి కళ్ళతో అన్నీ చెబుతున్నట్టుంటుంది చూడండి, అల్లాగ.

ఒక ముసలి మిషను మాట్లాడకపోతే కొంపలేం మునుగుతాయని మీరనచ్చు. మా వీధిలో అయిదుగురు ఆడపిల్లలున్నారు, తొమ్మిదీ పదీ చదివేవాళ్ళు. సాయంత్రం ఆరింటికి మా వసారాలో చాప పరుచుకుని కూర్చుంటారు. వాళ్ళ తల్లులు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలకి పనికి వెళ్ళి చీకటిపడ్డాక వస్తారు. లెక్కలు నేను చెప్తాను. ఇంగ్లీషు మాత్రం ఈ లాప్‌టాపే చెప్తుంది. నా ఇంగ్లీషు వ్యాకరణానికి వంక పెట్టలేరు గాని, ఉచ్చారణ ఉద్దానం దాటదు. ఆ పిల్లలు రేపు ఏ విశాఖపట్నంలోనో ఉద్యోగానికి వెళ్ళి కూర్చున్నప్పుడు ఎదుటివాళ్ళ మాట చెవికి పట్టాలంటే ఇప్పట్నించీ వినాలి. ఫోన్లో వినిపించచ్చు కదా అంటారేమో, అయిదు తలకాయలు ఒక అరచెయ్యంత అద్దం మీదికి వంగితే పాఠం సాగదు, జడలు పీక్కోవడం సాగుతుంది. అంచేత మా వసారాలో ఇంగ్లీషు ఆగిపోయింది. పదిరోజులపాటు ఆ పిల్లలు వచ్చి, "ఈవేళ కూడా మాట్లాడదా టీచర్‌గారూ?" అని అడగడం, నేను "లేదమ్మా" అనడం.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేశాను. "పదేళ్ళు దాటిందమ్మా, ఇంకా ఏమిటి దాని మీద మమకారం? పారేయ్. నేను కొత్తది పంపిస్తాను" అన్నాడు. ప్రేమకొద్దీ అన్నాడు, కాదనను. కాని నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. పాతది అన్నమాట ఒక రోగం పేరయి కూచుంది ఈ రోజుల్లో. ఏం పోయింది, ఎందుకు పోయింది, బాగవుతుందా అవదా అన్న మూడు ప్రశ్నలకీ కలిపి ఒకటే జవాబు, పాతదైంది.

మావారు పేపరు అడ్డం పెట్టుకుని ఇదంతా వింటున్నారు. వింటున్నారని నేననుకుంటాను, ఆయనకి కుడిచెవి సరిగ్గా వినబడక నాలుగేళ్ళయింది. చెవికి పెట్టుకునే మిషను కొన్నాం, బ్యాటరీలు మారుస్తున్నాం, ఎడంపక్కన కూర్చుని మాట్లాడుతున్నాం. ఆయన్ని మార్చెయ్యమని ఇంతవరకూ నాకెవరూ సలహా ఇవ్వలేదు.

మా వీధి చివర ఒకాయన ఉన్నారు. డెబ్భై అయిదు దాటింది. ఒకప్పుడు కాశీబుగ్గలో రేడియోలు బాగుచేసేవారు. ఊరందరికీ రేడియో మావయ్యే. రేడియోకి పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు డబ్బు కట్టే రోజుల్లో, లోపల వాల్వులు వేడెక్కేదాకా పెట్టె పలికేది కాదు, పలక్కపోతే అందరం ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు కళ్ళు మసకలు, చెయ్యి వణుకుతుంది. ఊరికే కష్టం చెప్పుకుందామని వెళ్ళాను.

"నాకీ కంపూటర్లు తెల్దు టీచరమ్మా. ఒకటే అడుగుతాను. సెవిలో ఎట్టుకునీదుంటాది కదా, అది గుచ్చితే ఇనిపిస్తందా?" అన్నారు.

నేను గుచ్చి చూడలేదు. షాపు కుర్రాడూ గుచ్చి చూడలేదు. పిల్లల్లో ఒకమ్మాయి పరిగెత్తుకెళ్ళి వాళ్ళన్నయ్య ఇయర్‌ఫోను పట్టుకొచ్చింది, వైరున్నది. చెవిలో పెట్టుకుని పాఠం నొక్కానో లేదో, ఇంగ్లీషు దొరసాని గణగణమని మాట్లాడేస్తోంది!

"మరింకేటి! లోపల అంతా బాగానే ఉంది. గొంతుకలో ఏదో అడ్డం పడింది" అన్నారు మావయ్య.

ఈ ఒక్క ప్రశ్నలో ఎంత శాస్త్రం ఉందో తరవాత నిదానంగా అర్థమయింది. సౌండ్ ఐసీ చచ్చిపోతే చెవిలోనూ రాదు, బయటా రాదు. చెవిలో వస్తోందీ అంటే ఆ ఐసీ బతికే ఉంది. కుర్రాడి 18,000 తీర్పు అక్కడే కొట్టుడుపోయింది. ఇక మిగిలినవి రెండు. స్పీకర్లయినా పోయి ఉండాలి, స్పీకర్లకి వెళ్ళే దారయినా మూసుకుపోయి ఉండాలి. పాత ట్రాన్సిస్టరు రేడియోలకి పక్కన ఇయర్‌ఫోను కన్నం ఉండేది, జ్ఞాపకం ఉందా? అందులో పుల్ల గుచ్చగానే స్పీకరు నోరు మూసుకునేది. లోపల ఒక సన్నని రేకు ఉంటుంది, పుల్ల వెళ్ళి దాన్ని పక్కకి నెడుతుంది, శబ్దం దారి మళ్ళుతుంది. లాప్‌టాప్ కన్నం కూడా దానికి పెద్దమనవరాలే. ఆ రేకు తుప్పు పట్టో, దుమ్ము చేరో నెట్టిన చోటే ఉండిపోతే, కన్నంలో ఏమీ లేకపోయినా ఉందనే భ్రమలో ఉంటుంది యంత్రం. నా లాప్‌టాప్ తెర మీద మూల ఉన్న స్పీకరు బొమ్మ నొక్కి చూస్తే, నిజంగానే, "హెడ్‌ఫోన్స్" అని చూపిస్తోంది. అక్కడేమో వైరూ లేదు, గియిరూ లేదు. పదిరోజులుగా పాపం అది మాట్లాడుతూనే ఉంది, లేని చెవిలో!

మా సముద్రపు గాలికి, గేటుని తినేసే ఉప్పుకి, ఆ వెంట్రుకంత రేకు ఒక లెక్కా?

వైద్యం ఇలా చేశాం. మిషను పూర్తిగా ఆపి, చార్జరు పీకేసి, ఇయర్‌ఫోను పుల్లని ఆ కన్నంలో పదిహేనుసార్లు మెల్లిగా గుచ్చి తీశాం. ఫలితం లేదు. మర్నాడు మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలు తెచ్చి, పుల్లకి తడి తగిలీ తగలనట్టు రాసి మళ్ళీ గుచ్చాం, తీశాం. తడి పూర్తిగా ఆరేదాకా గంటసేపు ఆగి, అప్పుడు స్విచ్చి వేశాం. ఆ ఆగడమే ముఖ్యమని మావయ్య పదేపదే చెప్పారు. ఆరూ పది నిమిషాలకి వసారాలో దొరసాని గొంతు వినిపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఖర్చు, ఆల్కహాలు సీసా ఒక్కటే. అది ఇంకా ముప్పాతిక వంతు మిగిలే ఉంది.

అందరి జబ్బూ ఇదే అని కాదు. టెక్కలిలో మా వదినగారి లాప్‌టాప్ కూడా ఇలాగే మూగబోయిందన్నారు. షాపుకి బయల్దేరబోతూ పక్కగదిలోకి వెళితే మనవడి పక్కమీద పడున్న బ్లూటూత్ ఇయర్‌ఫోనులోంచి సన్నగా వంటల కార్యక్రమం వినిపిస్తోందిట. వాడు ముందురోజు కలిపి వదిలేశాడు, యంత్రం అంతకుముందు చెప్పిన చోటికే పంపిస్తోంది. కొందరికి టీవీకి కలిపిన వైరు తీసేశాక కూడా ఇలా అవుతుంది. అంచేత మొదట చూడవలసింది శబ్దం ఎటు పోతోందని. ఆ స్పీకరు బొమ్మ మీద నొక్కితే అదే చెబుతుంది, మనం దారి మార్చుకోవచ్చు. ఇంకా హాస్యం, కీబోర్డు పైవరసలో నోరు మూయించే మీట ఒకటుంటుంది, దుమ్ము తుడుస్తున్నప్పుడు అదీ నొక్కుకుపోతుంది.

ఇవి కాకపోతే డ్రైవరు. కారు డ్రైవరు కాదు, యంత్రానికీ స్పీకరుకీ మధ్య దుబాసీ లాంటి ప్రోగ్రాము. విండోస్ తనంతట తాను మారినప్పుడల్లా ఈ దుబాసీ కొన్నిసార్లు భాష మరిచిపోతాడు. డివైస్ మేనేజర్ అనే చోటికి వెళ్ళి, సౌండు పేరు మీద కుడివైపు మీట నొక్కి, తీసెయ్యమని చెప్పి, మిషను ఆపి మళ్ళీ పెడితే చాలా మటుకు తనే తిరిగి తెచ్చుకుంటుంది. నిజంగా శబ్దం పుట్టించే ఐసీయే పోయిందనుకోండి, అప్పుడైనా బోర్డు మార్చక్కర్లేదు. యూఎస్‌బీ కన్నానికి తగిలించే బొటనవేలంత సౌండ్ కార్డు కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. దానికి ఏ పాత స్పీకర్లు తగిలించినా పలుకుతుంది. స్పీకర్లే చిరిగి బరబరమంటుంటే ఆ జత ఒక్కటే మార్పించుకోవచ్చు. నూటికి నూరు చోట్లా కాకపోయినా, కొత్తది కొనే లోపల ఇన్ని మెట్లున్నాయి. ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా మేడమీంచి తోసెయ్యడమెందుకూ అని నా పోట్లాట.

ఆ కుర్రాడొక్కణ్ణీ తిట్టి లాభం లేదని తరవాత ఆలోచిస్తే తోచింది. రేకు శుభ్రం చేసి వంద రూపాయలు అడిగితే మనం, "ఇంతోటి దానికి వందా?" అంటాం. కొత్తది అమ్మితే అతనికి మిగిలేది ఎక్కువ, మనం నోరెత్తకుండా ఇస్తాం. తయారుచేసే కంపెనీలు సరేసరి. ఒకప్పటి లాప్‌టాప్‌కి అడుగున నాలుగు మరలు తీస్తే కడుపు కనిపించేది. ఇప్పటి సన్నవాటిలో చాలావాటికి జ్ఞాపకశక్తి చిప్పులు బోర్డుకే అతికించేస్తారు, బ్యాటరీ జిగురుతో అంటిస్తారు. లోపలి పటం చాలామంది బయటివాళ్ళకి ఇవ్వరు, విడిభాగాలు కొందరు అమ్మరు. డబ్బిచ్చి కొన్నది మనం, తాళంచెవి వాళ్ళ దగ్గర.

ఇది నా ఒక్కదాని గొణుగుడు కాదు. 2022 జులైలో మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, మరమ్మతు హక్కు గురించి ఒక కమిటీ వేసింది. ఆ ఏడాది డిసెంబరులో, జాతీయ వినియోగదారుల దినం నాడు, కంపెనీలు మరమ్మతు వివరాలు పెట్టడానికి ఒక పోర్టల్ కూడా తెరిచింది. ఫ్రాన్సులో 2021 నించీ లాప్‌టాప్‌లు అమ్మేటప్పుడు, బాగుచేసుకోవడం ఎంత సులువో పదికి ఇన్ని మార్కులని వస్తువు పక్కనే రాసిపెట్టాలి. పదికి మూడొచ్చిన పిల్లాణ్ణి మనం పాసు చేస్తామా? కొనేటప్పుడే తెలిస్తే ఎవరికి మార్కులు వెయ్యాలో మన ఆడవాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు.

నేర్పక్కర్లేదంటున్నాను గాని, ఇక్కడే మన తప్పూ ఉంది. వంకాయలమ్మితో అయిదు రూపాయల కోసం పావుగంట బేరమాడతాం. చీర కొంగు పట్టుకుని వెలుగులోకి తీసుకెళ్ళి పోగులు చూస్తాం. అదే ఈ యంత్రాల షాపులోకి వెళ్ళేసరికి, "అది టెక్నికల్ మేడమ్" అనగానే గంగిరెద్దులా తలాడించి 48,000 లెక్కపెట్టేస్తాం. ఎందుకా భయం? మన అమ్మలకి లేదే! బిందె చిల్లుపడితే మాట్లు వేసేవాణ్ణి పిలిచి, వాడి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, నీళ్ళు పోసి కారటంలేదని చూసుకునిగాని డబ్బులిచ్చేవారు కాదు. కళాయి పూత పూసేవాడు వస్తే గిన్నె అడుగు గోటితో గీకి చూసేవారు. తిరగలి నునుపు తేలితే గంట్లు పెట్టించేవారు, తిరగలి మార్చేవారు కాదు. పాత చీరలు బొంతలయ్యేవి. వాళ్ళెవరూ లోహశాస్త్రం చదువుకోలేదు. అడగడం తెలుసు, అంతే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారేసరికి ఉద్దానం కొబ్బరి తోటలు తల విరిగి నేలకి ఒరిగి ఉన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఈ లాప్‌టాప్‌ని నేను దుప్పట్లో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టాను, అందుకే దక్కింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ, "పోనిద్దురూ, పాత చెట్టు, కొత్తది కొనుక్కోండి" అనలేదు. కాపుకొచ్చే కొబ్బరి చెట్టు బజార్లో అమ్మరని అందరికీ తెలుసు. మొక్క నాటి ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి.

పారేసినది ఎక్కడికి పోతుందన్న బెంగ కూడా ఉంది నాకు. పాత కంప్యూటర్లలో రాగీ, సీసమూ, కాస్త బంగారమూ ఉంటాయి. ఆ రాగి కోసం, ఆ బంగారం కోసం, వైర్లు కాల్చేవాళ్ళూ, బోర్డుల్ని యాసిడ్లో ముంచేవాళ్ళూ ఉన్నారు. 2023 ఏప్రిల్ 1 నించీ అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైకిలు చేయించే బాధ్యత తయారీదారులది. కాగితం మీద బాగానే ఉంది. మా వీధిలోకి వచ్చే పాత ఇనపసామాన్ల బండివాడికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బులకి కారణం ఇదీ అని ఇంకా ఇదమిత్థంగా తేలలేదు. దానికీ దీనికీ నేను ముడిపెట్టటం లేదు. కాని మంచినీళ్ళ గ్లాసు ఎత్తేటప్పుడు ఒక్క క్షణం ఆలోచించే ఊళ్ళో ఉంటున్నదాన్ని, మట్టిలోకి ఇంకేం దిగుతోందా అన్న భయం నాకుంటుంది.

పాతదల్లా బంగారమని వాదించేంత మూర్ఖురాల్ని కాను. బ్యాటరీ ఉబ్బి మూత లేస్తుంటే మాత్రం ఆ క్షణమే వాడకం ఆపెయ్యాలి, అది నిప్పుతో చెలగాటం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే రక్షణ మరమ్మతులు ఆగిపోయాయి, నా లాప్‌టాప్‌లో ఉన్నది అదే. అంచేత బ్యాంకు పనులు దాని మీద చెయ్యటం మానేశాను. లినక్సు అనే ఉచితమైన పద్ధతికి మార్చుకుంటే ఇంకొన్నాళ్ళు క్షేమంగా పనిచేస్తుందిట. పెన్‌డ్రైవ్‌లో వేసి, లోపలిదాన్ని కదపకుండానే ముందు నడిపి చూడచ్చు. అందులో శబ్దం వస్తే స్పీకర్లకి ఢోకా లేదని కూడా తేలిపోతుందిట, రెండు పనులూ ఒక్కసారే. ఆ పని సంక్రాంతికి వచ్చినప్పుడు మా అబ్బాయి చేత చేయిస్తాను. పారేయ్ అన్నందుకు శిక్ష.

మొన్న శనివారం పలాస వెళ్ళినప్పుడు లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని ఆ షాపుకే వెళ్ళాను. బల్లమీద పెట్టి, పాఠం వినిపించాను. కుర్రాడు తెల్లబోయాడు. "ఎక్కడ చేయించారు మేడమ్?" అన్నాడు. ఇయర్‌ఫోను ప్రశ్న మొదలుకొని ఆల్కహాలు ఆరేదాకా అంతా చెప్పాను, టెక్నికల్ అయినా అతనికి అర్థమయ్యేటట్టే చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఒక చీటీ మీద రాసుకున్నాడు కూడా. పిల్లవాడు మంచివాడే.

అప్పుడు 300 రూపాయల రసీదు తీసి బల్లమీద పెట్టాను. చెకింగ్ చార్జీ వెనక్కివ్వరుట. ఓనరుగారిని అడగాలిట, ఓనరుగారు బరంపురం వెళ్ళారుట. రసీదు జాగ్రత్తగా మడిచి మళ్ళీ సంచీలో పెట్టుకున్నాను. వచ్చే శనివారం ఆయన ఉంటారుట.